పూజనాటి పొగ

కోదండం డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే వెనకాలే పొగ కూడా వచ్చేది. పగలంతా కలకత్తా రేవులో అతని డీజిల్ క్రేను కక్కిన పొగే అది. బస్తీ సందులోకి తిరిగేసరికి మోకాలెత్తున నల్లగా నడుస్తూ ఉండేది. "దాదా, కాస్త పక్కకి తీసుకో, బట్టలారేశాం" అనేవాళ్ళు పక్కిళ్ళ బెంగాలీలు, అంతే. క్రేను డ్రైవర్లందరి ఇళ్ళకీ రోజూ వచ్చేదే కాబట్టి ఎవరూ వింతగా చూసేవారు కాదు.

చిక్కల్లా, కోదండం పొగకి అతని కూతురు అశ్విని అంటే పంచప్రాణాలు. గడప దాటగానే పిల్ల పక్కలో చేరేది. పిల్లకేమో ఉబ్బసం. ఒకసారి అతని భార్య రామమ్మ పిల్లని దూరంగా, సంత్రాగాఛిలో ఉన్న తన తమ్ముడి క్వార్టర్‌కి తీసుకెళితే, పొగ లోకల్ రైల్లో సీటు కింద దూరి మరీ వెంట వచ్చింది. పొద్దున్నే కోదండం క్రేను తాళంచెవి చేత్తో పట్టుకుంటేనే లేచేది. అతనితో రేవుకెళ్ళి, క్రేను పొగగొట్టం ఎక్కి గాలిలో కలిసిపోయేది. అందుకే సెలవునాడు కూడా దాన్ని దిగబెట్టి వచ్చేవాడు.

ఆ ఏడాది రేవులో పొగ సగానికి తగ్గించాలని పైనుంచి లక్ష్యం వచ్చింది. కొలతలో తప్పితే డీజిల్ క్రేనులన్నిటికీ సీలు, డ్రైవర్లు ఇళ్ళకి. కరెంటు క్రేనులు ఎప్పుడొస్తాయో దేవుడికెరుక. ఇన్‌ఛార్జి త్యాగరాజు గడుసువాడు. కొలత విశ్వకర్మ పూజ రోజున పడేలా చక్రం తిప్పాడు. ఆ రోజు కలకత్తాలో పనివాడు యంత్రానికి దండ వేసి దండం పెడతాడే తప్ప నడపడు.

"మీ ఇళ్ళలో ఉన్న పొగ మాత్రం సాయంత్రందాకా గడప దాటకూడదు. ఒక్కడు తప్పినా అందరి నోట్లో మట్టే" అని డ్రైవర్లని హెచ్చరించాడు.

పూజనాడు కోదండం తలుపులూ కిటికీలూ బిగించి కూర్చున్నాడు. మేడల మీద పూజ గాలిపటాలు ఎగరేసేవాళ్ళ కేకలు వినిపిస్తున్నాయి. పొగ అశ్విని గుండెల మీద పడుకుని కదలనంటోంది. మధ్యాహ్నానికి పిల్ల ఊపిరిలో ఈల మొదలైంది. మందు పీల్పించినా తగ్గలేదు.

"పెదాలు నీలంగా అయిపోతన్నాయి, సూడు! దాన్ని రేవుకి తీసుకెళ్ళిపో" అంది రామమ్మ.

"ఎలాగెల్తాను? కొలతోళ్ళు క్రేను కాడే కూకున్నారు. అందరి కొంపలూ కూలిపోతాయి."

"ఆసుపత్రికి ఎత్తుకెళ్దారంటే ఈ పొగ కూడా ఎనకాలే వచ్చి మంచమెక్కుద్ది కదా."

"ఇంకో గంట సూద్దారి..."

"గంటా! ఏటి మనిషివయ్యా నువ్వు?"

అశ్విని తండ్రి చొక్కా పట్టుకుని గాలి కోసం నోరు తెరిచింది. కోదండం మేకుకున్న తాళంచెవి లాక్కుని బయటికి పరుగెత్తాడు. పొగ దిగ్గున లేచి వెంటబడింది.

రేవులో క్రేనులన్నీ బంతిపూల దండలతో వరసగా నిలబడి ఉన్నాయి. కోదండం పూజకొచ్చిన డ్రైవర్ల గుంపులో కలిసిపోయాడు. పొగ కొలిచే మీటరు పెట్టుకుని కూర్చున్న మనోజ్ఞ హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి. పొగ రావడం చూసి కుర్చీ జరిపి దారిచ్చింది. పొగ గొట్టం ఎక్కుతుంటే మీటరు మీద అంకెలు పరుగెత్తాయి.

"ఇది ఎవరిదండీ?" అని అడిగింది.

డ్రైవర్లు తలలు దించుకున్నారు. "బయట లారీది అయ్యుంటుందమ్మా, లెక్కలో రాయకండి" అన్నాడు త్యాగరాజు, కోదండం వైపు గుడ్లురిమి చూస్తూ.

కోదండం కూడా నోరు మెదపలేదు. ఎవరూ తనది అనకపోయేసరికి పొగ గొట్టం మీద ఆగిపోయింది. కాసేపు అటూ ఇటూ ఊగి, మెల్లగా కిందికి దిగి బస్తీ వైపు తిరిగింది.

"నాదేనమ్మా!" అని అరిచాడు కోదండం. "నాదే, నా క్రేనుదే. రాసుకో."

పొగ వెనక్కి మళ్ళింది. గొట్టం ఎక్కి, ఇంత ఎత్తున లేచి, గంగ మీద చెదిరిపోయింది. మనోజ్ఞ అంకె రాసుకుంది. పొద్దుగూకేలోగా దండలున్న క్రేనులకి దండలతోనే సీలు పడింది, తాళంచెవులూ లాగేసుకున్నారు.

"అందరి కొంపలూ ముంచీసినావురా" అన్నాడు త్యాగరాజు. తోటి డ్రైవర్లు ఒక్కరూ పలకరించలేదు. కోదండం సిగ్గుతో చచ్చిపోతూ ఇల్లు చేరాడు.

అతను లోపలికొచ్చాక కూడా రామమ్మ వెనకొచ్చే పొగ కోసం తలుపు పట్టుకునే నిలబడింది. సందులో ఏమీ రాలేదు. అతని చేతిలో తాళంచెవి కూడా లేదు. ఆమెకి అర్థమైంది.

"పని పోనాదా?" అంది.

కోదండం తలూపాడు.

రామమ్మ అతని చెయ్యి పట్టుకుని పిల్ల మంచం దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఇను" అంది. "ఈల నేదు."