దొర, సుల్తాన్

మూడో సాంచ మీద పోగు తెగింది. లింగమూర్తి మరమగ్గాన్ని ఆపి, తెగిన కొసలు రెండూ వేళ్ళ మధ్యకు తీసుకుని, ముడి వేసి, మిగిలిన కొసను పంటితో కొరికి, మళ్ళీ పిడి లాగాడు. దారం నింపిన నాడె అటూ ఇటూ పరుగు అందుకుంది. చూసేవాళ్ళకు అతను ఒకసారి వంగి లేచినట్టు మాత్రమే అనిపిస్తుంది. పెళ్ళికి ముందు నుంచీ ఇదే పని. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కొసల్లో చర్మం నున్నగా అరిగిపోయింది. అతని వేలిని ఫోను ఒక్కోసారి గుర్తుపట్టదు. అప్పుడు నడిమివేలితో నొక్కుతాడు.

సిరిసిల్లలో ఆ షెడ్డు రేకులది. సాంచెలన్నీ ఒకేసారి ఆడుతుంటే నోరు పెట్టి అరిచినా పక్కమనిషికి వినపడదు. అందుకని అక్కడ మాటలన్నీ చేతులతోనే. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. మీసం దువ్వినట్టు చేస్తే సాంచెల ఆసామి వస్తున్నాడని. ఇంతకు మించి ఒకరితో ఒకరికి చెప్పుకోవలసిన సంగతులు పెద్దగా ఉండేవి కావు.

జేబులో ఫోను వణికింది. ఫోను మోగినా వినపడదు కాబట్టి దాన్ని ఎప్పుడూ చొక్కా జేబులోనే, గుండెకు ఆనుకునేలా పెట్టుకుంటాడు. వణుకు తెలియగానే అతని ముఖం కొంచెం వెలిగింది.

అది ‘మూగజీవాల ముచ్చట్లు’ గ్రూపు. హుజూరాబాద్‌లో మందుల దుకాణం భానుప్రసాద్ తన పిల్లిని పెడతాడు. ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడ దగ్గరి పల్లె నుంచి సారక్క తన ఎడ్లను పెడుతుంది. కోళ్ళు, పావురాలు, బర్రెదూడలు, ఒక ముంగిస. పొద్దున లేస్తే ఎవరి జీవం ఏం తిన్నది, ఎవరి జీవం ఎవరిని తన్నింది, ఇవే ముచ్చట్లు.

ఆ గ్రూపులో ఒక కట్టుబాటు ఉంది. ఏ జీవాన్నీ బాగుందని అనకూడదు. దిష్టి తగులుతుంది. ‘థూ, ఎంత ఖరాబున్నదే’ అనాలి. ఎంత తిడితే అంత మెచ్చుకున్నట్టు. కరీంనగర్ నర్సు మమతారాణి ఈ సంగతి తెలియక, చేరిన రోజే తన కుక్కపిల్ల ఫోటో పెట్టింది. వరసగా వచ్చిన తిట్లు చదివి ఏడ్చి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. సారక్క ఫోను చేసి చెప్పాక తిరిగి వచ్చింది. ఇప్పుడు అందరికంటే ఎక్కువ తిట్టేది ఆమే.

లింగమూర్తి పెట్టేది దొరను. దొర మేకపోతు. నల్లగా, ఎత్తుగా, గడ్డం వేలాడేసుకుని, చిరిగిన ఎడమ చెవితో, అప్పు వసూలుకు వచ్చినవాడిలా గడపముందు నిలబడుతుంది. దొరకు గ్రూపులో పడ్డన్ని తిట్లు ఇంకే జీవానికీ పడలేదు.

చిక్కు ఒక్కటే. దొర లింగమూర్తిది కాదు.

అది అసలు ఎవరిదీ కాదు. వాడ చివరి వెంకటి పోయిన మేడారం జాతర తర్వాత సమ్మక్క పేర మొక్కి విడిచిన యాట. అమ్మవారి పేర విడిచిన యాటను ఎవరూ కట్టెయ్యరు, కొట్టరు. అది ఏ ఇంటి ముందు నిలబడితే ఆ ఇంటివాళ్ళు ఏదో ఒకటి పెట్టాలి. లింగమూర్తి ఇంటి ముందు అది రోజూ నిలబడేది. కిరాయి గదిలో ఉండే మనిషికి సొంత జీవం ఎక్కడిది? గ్రూపులో చేరిన మొదటి రోజు దాని ఫోటోనే పెట్టాడు. ‘మీదేనా అన్నా?’ అని ఎవరో అడిగారు. ఏం రాయాలో తోచక ఒక బొటనవేలు బొమ్మ పంపాడు. అంతే. ఆ రోజు నుంచి అది అతనిదే అయిపోయింది.

“మందిది యాట, మనది ఫోటో,” అనేది భార్య రాజవ్వ, బీడీలు చుడుతూ. “ఎన్నడో ఒకనాడు ఇజ్జత్ పోతది నీది.”

అతను నవ్వి ఊరుకునేవాడు. ఎందుకంటే రాజవ్వకు కూడా చెప్పని ముచ్చట ఇంకొకటి ఉంది. గ్రూపులో ‘సుల్తాన్ బాపు’ అనే మనిషి, అతనూ సిరిసిల్లవాడే, సుల్తాన్ అనే మేకపోతు ఫోటోలు పెడుతుంటాడు. ఫోటోల్లో దొర నిండు నలుపు. సుల్తాన్ డొక్కలో రొట్టెంత తెల్లమచ్చ. గ్రూపు అంతా అవి రెండు మేకలనుకుంటుంది. లింగమూర్తి మాత్రం ఒక ఫోటోలో అది తల తిప్పినప్పుడు చెవి చిరుగు గుర్తుపట్టాడు. పొద్దున అది తన వాడలో గోడ వెంట పోతుంటే ఎడమ పక్క కనపడుతుంది. మధ్యాహ్నం వెనక వాడలో తిరిగేటప్పుడు అక్కడివాళ్ళకు కుడి పక్క కనపడుతుంది. మచ్చ కుడి పక్కన ఉంది. అంటే వెనక వాడలో తనలాంటివాడే ఇంకొకడు ఉన్నాడు.

అతనికీ సంగతి తెలుసునని లింగమూర్తికి తెలుసు. ఒకడు నోరు తెరిస్తే ఇద్దరి ఇజ్జతూ పోతుంది. కాబట్టి ఏడాదిగా ఒకరి మేకను ఒకరు మనసారా తిట్టుకుంటున్నారు.

ఇప్పుడు వచ్చింది వేములవాడ నుంచి సారక్క గొంతు. వినాలంటే షెడ్డు బయటికి పోవాలి. లింగమూర్తి చేయెత్తి చాయ్ సైగ చేసి బయటికి నడిచాడు.

“తమ్మీ, నేను సారక్కను. మేడారం పోయే ముందు యాములాడ రాజన్నకు మొక్కుకునేటందుకు వచ్చినం. కోడెను కట్టినం, దర్శనమయింది. మావోళ్ళు సత్రంల పన్నరు. సిరిసిల్ల ఎంత దూరమని, బస్సెక్కితే అద్ద గంటాయె! దొరను జూడకుంట పోతనా? సుల్తాన్ గూడ మీ ఊర్లనే ఉన్నడాయె. ఇద్దర్ని జూసే పోత. పగటీలికి వస్త. మరదలిని చాయ్ పెట్టుమను.”

అతను రెండోసారి విన్నాడు. మూడోసారి వినలేదు. వేప చెట్టు కింద నిలబడి చెమట తుడుచుకున్నాడు. సారక్కకు అబద్ధం తెలిస్తే గ్రూపుకు తెలుస్తుంది. గ్రూపుకు తెలిస్తే రేపటి నుంచి ఈ జేబు ఎన్నిసార్లు వణికినా దాన్ని తెరవడానికి ముఖం ఉండదు. సాంచెల మోత, ఇంట్లో బీడీల ఆకు, వీటి మధ్య అతనికి ఉన్న ఒక్క కిటికీ అది.

లోపలికి వచ్చి, సాంచకు ఆనుకుని, మొదటిసారి సుల్తాన్ బాపుకు విడిగా రాశాడు. అక్షరాలు ఒక్కొక్కటే నొక్కాడు. ‘తమ్మీ సారక్క వస్తుంది. యాట ఒక్కటే. ఎట్ల?’

పంపి తలెత్తాడు. ఎదురు వరసలో ఎల్లేశం చెయ్యి చటుక్కున తన చొక్కా జేబు మీదికి పోయింది.

ఎల్లేశం పొడుగ్గా, సన్నగా, కనుబొమ్మల మీద ఎప్పుడూ దూది నలకలతో ఉండే మనిషి. ఏళ్ళుగా ఎదురెదురుగా పనిచేస్తున్నారు. పొద్దస్తమానం కళ్ళముందే ఉండే మనిషి నంబరు ఎవరు దాచుకుంటారు? ఎల్లేశం ఫోను చదివాడు. అతని సాంచ మీద పోగు తెగింది. అతను చూసుకోలేదు. టకటకా ఏదో నొక్కాడు.

లింగమూర్తి గుండె దగ్గర వణికింది. ‘అన్నా నాకు గూడ పంపింది. నేను గదే ఫికర్ల ఉన్న.’

లింగమూర్తి ఆ అక్షరాల వంక, ఎల్లేశం వంక మార్చి మార్చి చూశాడు. తర్వాత మెల్లగా రెండు చూపుడువేళ్ళు తలకు రెండు పక్కలా కొమ్ముల్లా పెట్టాడు. సాంచెల భాషలో అంతవరకూ లేని సైగ అది.

ఎల్లేశం నోరు తెరుచుకుంది. అతని చేతులు కూడా నెమ్మదిగా పైకి లేచాయి. వేళ్ళు తల మీద కొమ్ములయ్యాయి. ఇద్దరు నడివయసు మనుషులు ఆ మోతలో కొమ్ములు పెట్టుకుని ఒకరినొకరు చూస్తూ నిలబడిపోయారు. పక్క సాంచ మనిషి వీళ్ళకు పూనకం వచ్చిందనుకున్నాడు.

చాయ్ బండి దగ్గర ఎల్లేశం అన్నాడు, “నువ్వానే అన్నా దొర బాపువు?”

“నువ్వారా సుల్తాన్‌గాని బాపువు? ఏడాది సంది నా యాటను ఎంత తిట్టినవురా!”

“నీ యాటనా?” ఎల్లేశం చాయ్ పొరమారి దగ్గాడు. “జర నవ్వియ్యకే.”

ఉపాయం ఎల్లేశమే చెప్పాడు. “అది పొద్దుగాల మీ వాడల ఉండి పగటీలి మా వాడకు మళ్ళుతది. సారక్కను మీ ఇంట్ల కూసుండవెట్టు. చాయ్ తాగేదాక నేను దాన్ని వెనకకెళ్ళి మా ఇంటికి తోలుకపోత. మీ కాడ మచ్చ గోడ దిక్కుంటది, మా కాడ చెవి గోడ దిక్కుంటది.”

“పట్టువడ్తమేమో?”

“పట్టువడ్తే ఇద్దరం వడ్తం. ఒక్కనివైతే నాకు గూడ భయమే.”

సారక్కకు వాడ గుర్తులు, రాజవ్వకు చుట్టం సంగతి ఫోనులో చెప్పి, తిండి సెలవుకు ఇద్దరూ ఒకే సైకిలు మీద బయలుదేరారు. లింగమూర్తికి నవ్వు ఆగడం లేదు. వెనక కూర్చున్న ఎల్లేశం పొడుగు కాళ్ళు నేలకు రాసుకుంటున్నాయి.

గోడ దగ్గర మేకపోతు లేదు. వాడ చివర డప్పు వినపడుతోంది.

వెంకటి ఇంటి ముందు డీసీఎం బండి ఆగి ఉంది. బెల్లం, చాపలు, వంటగిన్నెలు ఎక్కిస్తున్నారు. ముంగట గుంజకు దొర కట్టేసి ఉంది. ఒళ్ళంతా పసుపు, కొమ్ములకు బంతిపూలు. రెండేళ్ళలో దాని మెడకు తాడు చూడడం లింగమూర్తికి అదే మొదటిసారి. జాతర వచ్చిందని అతనికి తెలుసు. వాడంతా బెల్లం తెచ్చుకుంటున్నారని తెలుసు. ఈ యాట ఎవరి పేర విడిచినదో, ఈ జాతరలో ఎవరికి బలి ఇవ్వవలసినదో ఆ సంగతి మాత్రం ఫోటోలు పెట్టీ పెట్టీ మరిచిపోయాడు.

“వచ్చినవా లింగమూర్తన్నా,” వెంకటి ఎదురొచ్చాడు. “నీ కోసమే మనిషిని తోలుదామనుకుంటున్న. బండి ఎక్కుతలేదది. నీ చేతి గడ్డి తిన్నది గద, నువ్వే ఎక్కియ్యాలె.”

ఎల్లేశం తల వంచుకున్నాడు. అప్పుడే మలుపులో ఆటో ఆగింది. ముదురాకుపచ్చ చీర, పెద్ద ముక్కుపుల్ల, రెండు చేతుల్లో రెండు గోనె సంచులు. ఎడ్ల పక్కన ఫోటోల్లో చూసిన మనిషే. రాజవ్వ గడపలోంచి ఆమెకు ఎదురుపోయి చేతులు పట్టుకుంది.

సారక్క మేకపోతును చూసింది. ఎడమ పక్క నిలబడి చెవిని చూసింది. మెల్లగా చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చింది. పసుపు కింద మచ్చ ఇంకా తెల్లగానే ఉంది. మళ్ళీ ఎడమ పక్కకు పోయింది. లింగమూర్తి వంక చూసింది. ఎల్లేశం వంక చూసింది.

“కాయ్ జాలే?” అంది ఆమె తన దిక్కు మరాఠీలో. “ఏమయిందుల్లా? గీ పక్క దొర, గా పక్క సుల్తానా?”

లింగమూర్తి రెండు చూపుడువేళ్ళు పైకి లేచి సగంలో ఆగిపోయాయి.

“మాది గాదక్కా,” అన్నాడు చివరికి. “ఇద్దరిదీ గాదు. అమ్మవారిది. గా వెంకటి మొక్కినది. మేము ఫోటోలే తీసినం.”

సారక్క అక్కడే వెంకటి అరుగు మీద కూలబడింది. ఏడుస్తుందేమోనని ఎల్లేశం ముందుకు వంగాడు. ఆమె నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదురుతూ, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది. ఏమిటని అడిగి వెంకటి, ఆ వెనక డప్పు కొట్టేవాడు కూడా నవ్వారు.

“అరే దేవా! ఒక్క యాటకు ఇద్దరు బాపులు! నేనేమో ఇచ్చోడకెళ్ళి ఇద్దరికీ చెరొక సంచి కందిపొట్టు మోసుకొస్తి! బస్సుల కండక్టరు ఒక్కొక్క సంచికి ఒక్కొక్క తిట్టు తిట్టె!”

“తిట్లు మంచియే గదక్కా మన గ్రూపుల,” అన్నాడు ఎల్లేశం.

ఆమె ఒక సంచి మూతి విప్పి మేకపోతు ముందు పెట్టింది. అది కళ్ళు మూసుకుని, మెడ దాకా సంచిలోకి దూర్చి తిన్నది.  డప్పు ఆగింది. పొట్టు నములుతున్న చప్పుడు ఒక్కటే వినపడింది.

“థూ,” అంది సారక్క, దాని నుదుట పూలు సరిచేస్తూ. “ఎంత ఖరాబున్నవురా బిడ్డా.”

బండి ఎక్కించేటప్పుడు ముందు కాళ్ళు లింగమూర్తి పట్టాడు, వెనక కాళ్ళు ఎల్లేశం పట్టాడు. అది తన్నలేదు. బరువు ఇద్దరి చేతుల్లో సమంగా పడింది. బండి కదిలాక సందు చివరి వరకూ బంతిపూలు కనపడ్డాయి. తర్వాత డప్పు మాత్రం వినపడింది. తర్వాత అదీ లేదు.

సారక్క రాజవ్వ పెట్టిన చాయ్ తాగింది, అన్నం తింది, మిగిలిన సంచి కిందింటి కోళ్ళకు ఇచ్చేయమంది. ఆటో ఎక్కే ముందు ఫోను నోటి దగ్గర పెట్టుకుని గ్రూపుకు చెప్పింది. లింగమూర్తి గడపలో నిలబడి విన్నాడు.

“అందరు వినుండ్రి. దొరను జూసిన, సుల్తాన్‌ను జూసిన. అన్నదమ్ములు గూడ గంత ఒక్క తీరుగ ఉండరు. ఇద్దరు ఇయ్యాల మేడారం పోయిండ్రు. అయ్యో అని ఎవ్వరు రాయొద్దు. ఎవలింట్ల ఉన్న జీవం ఫోటో వాళ్ళు పెట్టుండ్రి. అంతే.”

ఆమె లింగమూర్తి వంక చూడలేదు. ఆటోవాడితో కిరాయి బేరం మొదలుపెట్టింది.

సాయంత్రం వరకూ షెడ్డులో రెండు జేబులు వణుకుతూనే ఉన్నాయి. భానుప్రసాద్ పిల్లి తక్కెడలో పడుకుని ఉంది. మమతారాణి కుక్క ఇప్పుడు ఎంతో ఎదిగింది. సారక్క ఎడ్లు వచ్చాయి. పావురాలు, దూడలు, ముంగిస. ఎప్పుడూ నోరు విప్పని ఒకాయన బావిలోని తాబేలును పెట్టాడు. ‘థూ, గీ బండరాయిని ఎవడు కన్నడు’ అని లింగమూర్తి నడిమివేలితో రాశాడు. ఎదురు వరసలో ఎల్లేశం పళ్ళు కనపడేలా నవ్వుతున్నాడు. అంటే అది అప్పుడే చదివాడన్నమాట. ఆసామి వచ్చి వెళ్ళినా ఎవరూ మీసం దువ్వలేదు.

పని దిగాక ఎల్లేశం మలుపు దాకా సైకిలు మీద దింపాడు. “రేపు?” అన్నాడు. లింగమూర్తి బొటనవేలు పెదవికి ఆనించాడు.

ఇంటి ముందు గోడ నీడ రోజూ పడే చోటనే పడింది. వెంకటి ఇంట్లో వెనక ఆగినవాళ్ళు సాయంత్రం తాళం వేసి పోతూ సారక్క విప్పిన సంచిని తెచ్చి లింగమూర్తి గడప పక్కన ఆనించారు. మూతి విప్పే ఉంది. లోపల కందిపొట్టు మధ్యలో, అది ముఖం దూర్చి తిన్నచోట లోతుగా ఒక గుంట, అంచుల వెంట తడిసి గట్టిపడిన పొట్టు.