తువ్వాలు కట్టిన గంట

నేను ఒక చేతిగంటను. ఆ మాట వినగానే మీకు హారతి పళ్లెం గుర్తొచ్చి ఉంటుంది. నేను ఆ జాతి కాదు. నా పని దేవుణ్ణి మేల్కొలపడం కాదు, మనుషులను మాట్లాడకుండా ఆపడం. ఈ రెండింట్లో ఏది కష్టమో మీరే ఆలోచించుకోండి.

శ్రీకాకుళం జిల్లాలో ఇత్తడికీ కంచుకూ పేరున్న బుడితిలో పుట్టాను. నన్ను పోతపోసిన ఎర్రన్న, మట్టి మూసలోంచి తీసి, రుద్ది, మెరుగుపెట్టి, చెవి దగ్గర ఒకసారి ఆడించి, పక్కవాడితో, "ఇది ఇనీ రకం కాదురా, ఇనిపించీ రకం" అన్నాడు. నేను అందుకున్న మొదటి యోగ్యతాపత్రం అదే. ఇప్పటికీ దాన్ని మించినది రాలేదు.

మొదట నన్ను కొన్నది ఒక నాటక సమాజం. మూడోసారి నేను మోగితే తప్ప తెర లేచేది కాదు. చక్రవర్తులు హడావిడిగా బీడీలు ఆర్పి కిరీటాలు సర్దుకునేది నా మాట మీదే. సమాజం విడిపోయినప్పుడు ఒకరు హార్మోనియం, ఒకరు తెరలు పట్టుకుపోగా, రాజు వేషాలు వేసే ఆయనకు నేను మిగిలాను. ఆయన నన్ను ఇంట్లో ఏం చేసుకోవాలో తెలియక నరసన్నపేట శారదా పఠన మందిరానికి ఇచ్చేశాడు. అది పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిది. నా అసలు జీవితం అప్పుడు మొదలైంది.

ఆ మందిరంలో ప్రతి నెలా చివరి ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు చర్చ జరుగుతుంది. దాన్ని పెట్టినవారు కాలేజీలో చరిత్ర చెప్పిన వైకుంఠరావు మాస్టారు. ఆయన రెండు నియమాలు పెట్టారు. మొదటిది, ఎవరు ఏ పక్షాన మాట్లాడాలో చీటీ తీసి తేల్చాలి. మీ నమ్మకం ఏదైనా సరే, చీటీలో వచ్చిన పక్షాన్నే నిజాయితీగా వాదించాలి. రెండోది, ఎదుటివాడికి జవాబు చెప్పే ముందు ఎదుటివాడు ఏమన్నాడో మీ మాటల్లో తిరిగి చెప్పాలి. అతను "ఔను, అదే" అనాలి. అన్నాకే నేను ఒకసారి మోగుతాను, మీ అయిదు నిమిషాలు మొదలవుతాయి. అయిపోగానే రెండుసార్లు మోగుతాను. అప్పుడు ఎంతటివారైనా కూర్చోవాల్సిందే. ఒకసారి ఒక ఎమ్మెల్యేనే వాక్యం మధ్యలో ఆపాను. ఆయన ఆగాడు కూడా. ఈ సంగతి చెబితే ఊళ్ళో ఇప్పటికీ నమ్మరు.

నన్ను మోగించేది గవరయ్య. హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు బడిగంట కొట్టి రిటైరయ్యాక నా దగ్గరికి వచ్చాడు. భుజం మీద తువ్వాలు, చేతికి కీ ఇచ్చే వాచీ. మాట తక్కువ. గంట కొట్టేవాళ్ళకు అది ఉండవలసిన లక్షణమే.

రెండువేల ఇరవై రెండు ఫిబ్రవరిలో రష్యా సైన్యం ఉక్రెయిన్ మీదికి దండెత్తింది. ఆ దేశం ఎక్కడుందో ముందురోజు మా మందిరం అట్లాసులో వెతుక్కున్నవాళ్ళు, మర్నాటికల్లా దాని నాలుగు వందల ఏళ్ళ చరిత్ర టీకొట్లో అప్పజెప్పసాగారు. అందరికన్నా గట్టి గొంతు సన్యాసిరావు ప్లీడరుగారిది. "ఆ పడమటి దేశాల కూటమి వాళ్ళు ఎగదోయబట్టే గదా ఇదంతానూ!" అని ఆయన బల్ల గుద్దితే, ఇంకొకాయన "గోడ దూకినోడిది తప్పు గాదేటి?" అని గ్లాసు పెట్టేవాడు. మూడు నెలలు గడిచినా టీ చల్లారింది గానీ వాదన చల్లారలేదు. ఎవరికీ రెండో నియమం లేకపోవడమే అక్కడి లోపం.

దాంతో మాస్టారు మే నెల చర్చకు "ఈ దండయాత్రకు కారణం ఎవరు?" అనే విషయం పెట్టారు. ఆ చర్చకు సుచరిత వస్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

సుచరిత జిరాక్సు షాపు రమణమూర్తి కూతురు. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో వైద్యం నాలుగో ఏడు చదువుతుండగా యుద్ధం మీద పడింది. హాస్టల్ కింద నేలమాళిగలో ఆరు రోజులు ఉండి, రైలెక్కి, సరిహద్దు దాటి, మార్చిలో ఇల్లు చేరింది. ఒంటి మీద గీత కూడా లేదని అందరూ సంతోషించారు. కానీ ఆ ఇంట్లో వాళ్ళమ్మ కుక్కర్ మానేసి అన్నం గిన్నెలో వార్చడం మొదలుపెట్టింది. పూజలో గంట కొట్టడం మానేసింది. రమణమూర్తి తలుపు దగ్గరి కాలింగ్ బెల్ వైరు తెంపేశాడు. ఏది హఠాత్తుగా మోగినా ఆ పిల్ల తలమీద చేతులు పెట్టుకుని దొరికినదాని కిందికి దూరిపోతోంది. మిగతా చదువుకు జార్జియాలో సీటు దొరికింది. సెప్టెంబరులో వెళ్ళాలి. వెళ్ళగలదా? "క్లాసులో బెల్ కొడితే బల్ల కింద దూరతానేమో నాన్నా" అని ఒక్కసారే అందట. ఈ సంగతులన్నీ రమణమూర్తి గవరయ్యకు చెప్పుకున్నప్పుడు నేను ఆ పక్క బల్ల మీదే ఉన్నాను.

ఆ ఆదివారం ఆమె మూడో వరసలో తండ్రి పక్కన కూర్చుంది. గవరయ్యకు ఆమె కనబడలేదో, చేతి అలవాటే ముందుకు దూకిందో, సభ ప్రారంభానికి నన్ను ఎప్పటిలాగే గట్టిగా మోగించాడు. నేనూ ఎప్పటిలాగే ఠంగుమన్నాను, పైకప్పు అదిరేలా. మూడో వరసలో కుర్చీ ఒకటి కిర్రుమంది. ఆమె రెండు వరసల మధ్య నేల మీద ముడుచుకుని ఉంది.

వెనక నుంచి ఎవరో, "ఏటైందమ్మా, బల్లి గాని పడినాదా?" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. తర్వాత అందరికీ అర్థమైంది.

నలభై మూడేళ్ళలో నన్ను తిట్టుకున్నవాళ్ళున్నారు, వినబడనట్టు నటించినవాళ్ళున్నారు. నన్ను చూసి భయపడ్డవాళ్ళు మాత్రం లేరు. కంచుకు సిగ్గేమిటని మీరు అనుకోవచ్చు. నాకు ఆ రోజు తెలిసింది.

మాస్టారు లేచి, "గవరయ్యా, గంట లోపల పెట్టెయ్. ఇవాళ చేత్తో సైగ చేద్దాం" అన్నారు.

సుచరిత లేచి కుర్చీలో కూర్చుంది. మొహం తెల్లగా పాలిపోయింది. "వద్దు మాస్టారూ. గంట ఉండాలి. నేను గంట కోసమే వచ్చాను."

గవరయ్య భుజం మీది తువ్వాలు తీసి, దాని కొస నా నాలుకకు మూడు చుట్లు చుట్టి ముడివేశాడు. ఒకసారి ఆడించి చూశాడు. నా కంఠం దుప్పటి కింద దగ్గులా వినబడింది. ఎమ్మెల్యేను ఆపిన గంటకు ఈ గతి పట్టిందా అని మనసులో నొచ్చుకున్నాను. ఆమె మాత్రం కదల్లేదు. గవరయ్య ఆమె వైపు చూసి తలాడించాడు.

మాట్లాడతానని సుచరిత ముందుకొచ్చి బల్ల దగ్గర కూర్చుంది; ఆమే, సన్యాసిరావుగారూ చీటీలు తీశారు. 'దండెత్తినవాడే కారణం' అనే పక్షం సన్యాసిరావుగారికి వచ్చింది. 'ఎగదోసినవాళ్ళే కారణం' అనే చీటీ సుచరిత చేతిలో ఉంది.

రమణమూర్తి దిగ్గున లేచాడు. "ఇదెక్కడి న్యాయం మాస్టారూ? ఆ బాంబుల కింద కూచున్న పిల్లచేత ఆ ఏసినోడి తరఫున మాట్లాడిస్తారేటి? పదమ్మా, ఇంటికెల్లిపోదాం."

మాస్టారు చీటీ కోసం చెయ్యి చాచారు. "చీటీ మార్చుకోవచ్చమ్మా. ఈ ఒక్కసారికీ."

"నా ఒక్కదానికే రూలు మారిస్తే, నేనింక ఎక్కడా పనికిరానని నాకే అనిపిస్తుంది మాస్టారూ" అందామె. రమణమూర్తి కూర్చోలేదు గానీ వెళ్ళనూ లేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

ముందు సన్యాసిరావుగారు. కోటు సర్దుకుని, "అధ్యక్షా! ఆ కూటమి వాళ్ళు ముప్ఫై ఏళ్ళుగా తూర్పుకు జరుక్కుంటూ..." అని జోరుగా మొదలుపెట్టారు. మూడు నెలల టీకొట్టు అలవాటు. ఒక నిమిషం గడిచాక వెనక నుంచి, "ప్లీడరుగారూ, మీది అవతలి పార్టీ! ఫీజు ఎవరి దగ్గర తీసుకున్నారండీ?" అని అరిచారు. హాలంతా గొల్లుమంది. సుచరిత కూడా నవ్వింది. ఆయన నాలుక కరుచుకుని, చీటీ మళ్ళీ చూసుకుని, ఈసారి నిజంగానే ఆలోచిస్తూ మాట్లాడారు. ఒక దేశం తన సరిహద్దు తనదని నమ్మి నిద్రపోతుంది. ఆ నమ్మకానికి పొరుగువాడు ఒకప్పుడు సంతకం కూడా పెట్టాడు. సంతకం పెట్టిన చేయే ట్యాంకులను తోలితే ఇంకో కారణం వెతకనక్కర్లేదు. నేను రెండుసార్లు దగ్గాను. ఆయన కూర్చున్నారు.

సుచరిత లేచి ఆయన వాదనను నాలుగు వాక్యాల్లో తిరిగి చెప్పింది. "ఔను, అదే. నాకన్నా బాగా చెప్పేవు తల్లీ" అన్నారాయన. నేను ఒకసారి మూలిగాను.

"మా అనాటమీ మేడమ్ ఇంట్లో రష్యన్ మాట్లాడేది" అని మొదలుపెట్టింది. "వాళ్ళ తమ్ముడు సరిహద్దుకు అవతల ఉండేవాడు. ఫోన్లో చాలా చెప్పేవాడు. ఒకప్పుడు ఒకే దేశంగా ఉండి ముక్కలైన నొప్పి. వేరే కూటమి సైన్యం వీధి చివర దాకా వచ్చేస్తుందన్న భయం. తూర్పు జిల్లాల్లో తమ భాషను చిన్నచూపు చూస్తున్నారన్న కోపం. మాట ఇచ్చి తప్పారన్న అనుమానం. మేడమ్ వినేది. కొన్నిటికి తల ఊపేది కూడా. వాటిల్లో అన్నీ నిజమో కాదో నాకు తెలీదు. వాళ్ళు వాటిని నిజంగా నమ్మారని మాత్రం తెలుసు. నమ్మిన భయాన్ని రోజూ రెచ్చగొట్టినవాళ్ళు కూడా ఈ యుద్ధానికి కారణమే." అయిదు నిమిషాలూ అలాగే, గొంతు పెంచకుండా, ఒక్క కన్నీటిచుక్క అడ్డం పెట్టుకోకుండా వాదించింది. నలభై మూడేళ్ళలో నాకు ఆపబుద్ధి కాని ప్రసంగం అదొక్కటే. అయినా ఆపాను. నియమం నియమమే.

ఇక ప్లీడరుగారు తిరిగి చెప్పాలి. "నొప్పి ఉంది, భయం ఉంది, కోపం ఉంది. కాబట్టి వాళ్ళు దండెత్తడం న్యాయమే అన్నావు. అదేనా అమ్మా?"

"కాదంకుల్."

"తప్పనిసరై దండెత్తారన్నావు."

"కాదు."

"మరేటన్నావు?"

"వాళ్ళకు కోపం ఎందుకు వచ్చిందో చెప్పాను. కోపం వచ్చినవాళ్ళు ఏం చెయ్యొచ్చో చెప్పలేదు. మీరు అడిగింది కారణం. కారణాలు ఎన్ని ఉన్నా, ఆ తెల్లవారుజామున ఆర్డరు వెయ్యాలా వద్దా అని తేల్చుకున్నవాళ్ళు ఉంటారు కదా. ఆ తేల్చుకోవడం మీ పక్షంలో ఉంది. దాన్ని తెచ్చి నా నోట్లో పెట్టకండి."

సన్యాసిరావుగారు కళ్ళద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు. మూడు నెలలుగా టీకొట్లో తాను ఒకటి చెబుతూ ఇంకొకటి ఒప్పిస్తున్నానని ఆయనకు అప్పుడే తట్టి ఉంటుంది. మెల్లగా అన్నారు: "కారణాలు చాలామందివి. నిర్ణయం మాత్రం చేసినవాడిదే. అదేనా?"

"ఔను, అదే."

గవరయ్య నన్ను పైకెత్తాడు. "తాతా, ఆగు" అందామె. "ఒకసారి నాకియ్యి."

ముడి బిగుసుకుపోయి ఉంది. ఆమె గోళ్ళతో ఓపిగ్గా విప్పింది, మూడు చుట్లూ. నన్ను చేత్తో పట్టుకుంది. అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. కళ్ళు మూసుకుని మోగించింది. నేను నా పూర్తి కంఠంతో ఠంగుమన్నాను. ఆమె నిలబడే ఉంది. గుమ్మం దగ్గర రమణమూర్తి కళ్ళు తుడుచుకున్నాడు.

ప్లీడరుగారి సమయం అయిపోయినప్పుడు నన్ను మోగించింది గవరయ్యే, తువ్వాలు లేకుండానే. ఆమె ఉలిక్కిపడింది. రెండు చేతులూ బల్ల అంచును పట్టుకున్నాయి. కానీ కుర్చీ వదల్లేదు. ఆ రోజు ఎవరు గెలిచారో ప్రకటించడం మాస్టారు మరిచిపోయారు. ఎవరూ అడగలేదు కూడా.

సెప్టెంబరు చివరి ఆదివారం రమణమూర్తి ఒక్కడే వచ్చాడు. చర్చ మొదలవకముందే నేరుగా మా బల్ల దగ్గరికి నడిచి, ఫోను జేబులో పెట్టుకుంటూ, "గవరయ్యా, క్లాసులో బెల్ కొట్టారట" అన్నాడు.

"ఆఁ?"

"కూచునే ఉందట."

గవరయ్య తలాడించాడు. వాచీ చూసుకున్నాడు. నాలుగైంది.

యుద్ధం ఆగలేదు. దాని కారణాల మీద మా మందిరంలో మరో రెండుసార్లు చర్చ జరిగింది. ఆ తర్వాత ఎవరో సెల్‌ఫోనులో టైమరు చూపించి, "ఇంక గంటెందుకు?" అన్నారు. మాస్టారు వినబడనట్టు ఊరుకున్నారు. నా నాలుక మొదట్లో తువ్వాలు పోగు ఒకటి ఇరుక్కుని ఉండిపోయింది. అందువల్ల నా కంఠంలో ఈమధ్య చిన్న జీర ఉందట. దసరాకు నన్ను చింతపండుతో తోమినప్పుడు గవరయ్య ఆ పోగు జోలికి పోలేదు. ఎర్రన్న ఉంటే ఏమనేవాడో తెలియదు. నేనైతే దాన్ని తీయనివ్వను.