పదకొండో అధ్యాయంలో ఉప్పు

నా పుస్తకాల అట్ట మీద నవల పేరు కన్నా నా పేరు పెద్దక్షరాల్లో వేయిస్తాను. చూపు ఆనని పాఠకులు ఇబ్బంది పడకూడదని. ఇంత దయగల రచయిత అనకాపల్లిలో ఇంకొకడు లేడని ఇరవయ్యేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను.

పొద్దున్న బెల్లం మార్కెట్లో దిమ్మలు తూయించి చీటీలు రాస్తాను. సాయంత్రం ఆ చీటీల వెనకే ప్రేమ నవలలు రాస్తాను. నా దస్తూరీ డీటీపీ వాళ్లకు అర్థం కాదు. అందుకని మా ఆవిడ నూకరత్నం తెల్లకాగితాల మీద ఫెయిర్ చేసి ఇస్తుంది. చీడికాడలో పదో తరగతి దాకా చదివింది, గుండ్రటి అక్షరాలు. అచ్చయి వచ్చాక నేను చదవను. రాసినవాడు మళ్లీ చదవడమేమిటి?

"రెండో బస్సులో నువ్వు" మూడొందల కాపీలు సొంత ఖర్చుతో వేయించాను. ఫేస్‌బుక్‌లో పెడితే ఏడు లైకులొచ్చాయి, అందులో రెండు నావే. వాట్సాప్‌లో పెడితే మూడు గ్రూపుల్లోంచి తీసేశారు. అట్టపెట్టెలు మంచం కిందకి చేరాయి. "నూకాలమ్మ జాతర ఆఖరి ఆదివారానికి ఇవి కదలకపోతే ఈ ఇంట్లో ఇంక కథ రాయడమన్నది ఉండదు" అని అమ్మోరి మీద ఒట్టేశాను. నూకరత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. నా మీద జాలి కాబోలు అనుకున్నాను.

నా స్తోమతకు దొరికిన ప్రచారం సత్తియ్య మైకు ఆటో ఒక్కటే. ఆ మైకు అబద్ధం పలకదు. నిజమైతే గుడి దాకా వినిపిస్తుంది, కాకపోతే మింగేస్తుంది. అందుకే డిస్కౌంట్లు పెట్టే కొట్లవాళ్లు దాన్ని పిలవరు. ఎన్నికల నెలంతా సత్తియ్య దాన్ని దుప్పట్లో చుట్టి బీరువా మీద పెట్టేస్తాడు. అద్దె చవక.

ఆ ఆదివారం మధ్యాహ్నం జాతరలో చిన్నమ్మలు జీళ్ల దుకాణం పక్కన ఆటో ఆపాం. నూకరత్నం వెనకసీట్లో పెట్టెల పక్కన కూర్చుంది. నేను కాగితం తీసి, "పదివేలమంది పాఠకులు మెచ్చిన అద్భుత నవల!" అన్నాను.

మైకు హారన్‌లోంచి గాలి కూడా రాలేదు.

"కొట్టీండి మాస్టారూ," అన్నాడు సత్తియ్య. "పదేలూ కొట్టీండి, అద్బుతమూ కొట్టీండి."

కొట్టేశాను. "కన్నీళ్లు పెట్టించే ప్రేమకథ!" పలికింది. "సొంత అనుభవంతో రాసినది!" అదీ పలికింది. ఛాతీ విరుచుకుని, "రచన, త్రినాధరావు!" అన్నాను.

మైకు నోరు మూసుకుంది.

మూడుసార్లు అన్నాను. మూడుసార్లూ నా ఉత్తి గొంతే నాకు వినిపించింది. సత్తియ్య వైరు తడిమి చూసి, "వైరు బాగానే ఉందండీ," అని నా మొహం కేసి చూశాడు. జనం మూగారు. నాతో మార్కెట్లో పనిచేసే అయ్యప్ప వెనకనించి అరిచాడు: "బావా! నీ పేరొచ్చీసరికి మైకు సిగ్గుపడతంది!"

చెమట కళ్లలోకి దిగింది. నూకరత్నం నా చొక్కా పట్టుకు లాగింది. "ఎలిపోదాం రండి."

"మరి ఒట్టో?"

నూకరత్నం పెట్టె తాడు ముడి విప్పుతోంది, మళ్లీ వేస్తోంది.

"ఏటి బాబూ, ఆ పదకొండో అజ్జాయం నువ్వు రాయలేదా ఏటి?" అంది చిన్నమ్మలు. నూకరత్నం దగ్గర ముందే ఒక కాపీ తీసుకెళ్లి చదివిందట. "అది సదూతా జీళ్ల పాకం మాడబెట్టీసేను."

అందరూ నవ్వుతుంటే, నా పుస్తకం నేను మొదటిసారి తెరిచాను.

పదకొండో అధ్యాయంలో హీరో అన్నం తింటూ తన కవిత్వం తనే చదువుకుంటున్నాడు. పులుసులో ఉప్పు లేదు. హీరోయిన్ కావాలనే వేయలేదు, ఒక్కసారైనా తలెత్తుతాడేమోనని. అతను తలెత్తాడు. లేచాడు. ఉప్పు డబ్బా తెచ్చి, ముందు ఆమె కంచంలో వేశాడు.

పోయిన శ్రావణంలో మా ఇంట్లో ఒకరోజు పులుసు చప్పగా ఉందని మా అమ్మ అన్నది గుర్తొచ్చింది. నేను మారు కూడా వడ్డించుకున్నాను. తలెత్తలేదు.

"నువ్వు రాశావా?" అన్నాను నూకరత్నంతో.

"మీరు రాసిందే ఫెయిర్ సేసేనండి. అక్కడక్కడ చప్పగా ఉంటే కాత్త..."

"ఈ అధ్యాయమొక్కటేనా?"

"మూడోదాన్నించి." తల దించుకుంది. "మొదటి రెండూ మీయే. నాకప్పటికింకా ధైర్యం సాల్లేదు."

అప్పుడు తెలిసింది, ఆ గరిటె ఎందుకు ఆగిందో. ఒట్టు నేనేశాను, రాయడం మానాల్సింది తను.

జనం విసుక్కుని కదులుతున్నారు. మైకు అందుకున్నాను. ఇరవయ్యేళ్ల పేరు వదలబుద్ధి కాలేదు. పరువు కోసం ఆఖరి ప్రయత్నంగా, "సహకారం, నూకరత్నం" అన్నాను.

మింగేసింది.

"బావా, అదీ ఒప్పుకోలేదురోయ్!" అన్నాడు అయ్యప్ప.

కళ్లు మూసుకున్నాను. "రచన, నూకరత్నం."

ఆ పేరు గుడి మెట్ల దాకా వెళ్లి తిరిగొచ్చింది. క్యూలో నిలబడ్డ ఆడవాళ్లు వెనక్కి తిరిగారు. నాకు ఊపిరాడి, "సహకారం, త్రినాధరావు" అన్నాను. మైకు దాన్ని ఇంకా గట్టిగా అరిచింది.

"నూకరత్నవా! నువ్వేనేటే!" చిన్నమ్మలు జీళ్ల చేతులతోనే వచ్చి పుస్తకం లాక్కుంది. "ఇందులో సంతకం ఎట్టు." నూకరత్నం నా పెన్ను తీసుకుని, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, గుండ్రంగా రాసింది. అమ్మోరి దీపాల వేళకు రెండు పెట్టెలు ఖాళీ.

మిగిలిన కాపీల మీద ఆమె పేరు స్టిక్కర్లు అంటించాం. నా పేరు పెద్దది కదా, ఒక్కోదానికి రెండేసి పట్టాయి.

ఇప్పుడు సాయంత్రాలు ఆమె రాస్తుంది, నేను ఫెయిర్ చేస్తాను, ఒక్క అక్షరం మార్చకుండా. మొన్న పులుసులో ఉప్పు లేదు. తలెత్తాను. నూకరత్నం నన్నే చూస్తోంది. లేచి వంటింట్లోకి వెళ్లాను. అరలన్నీ వెతికాను. పంచదార దొరికింది, ఇంగువ దొరికింది.

మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో నాకింకా తెలీదు.