పదిమందికి పది మాత్రలు

మా ఊళ్ళో ఒక్కడే తినేవాణ్ణి మనిషిగా లెక్కెయ్యరు. వేటలో అడవిపంది పడితే ఉయ్యాల్లో పిల్లకి కూడా వాటా ఉంటుంది. ఆ వాటాలు వేసేది నేనే. నా పేరు సోంబరు, థింసా ఆట ఆడే జట్టులో తుడుము డప్పు వాయిస్తాను. నా చేతి వాటాకి వంక పెట్టినవాడు పెదబయలు చుట్టుపక్కల లేడని విర్రవీగేవాణ్ణి. ఆ విర్రవీగుడు ఎక్కడికి తెచ్చిందో నా నోటితోనే చెబుతాను, వినండి.

తొంభై ఎనిమిదిలో మా జట్టుని ఆడటానికి జర్మనీ పిలిచారు. పదిమందిమి. అందరిలోకీ చిన్నది రాజకుమారి, నా చెల్లెలు ఈశ్వరమ్మ కూతురు. పంతొమ్మిదేళ్ళ గుంట. అంతకు నెల ముందే దానికి చలిజ్వరం వచ్చి తగ్గింది. బయల్దేరే ముందు పెదబయలు డాక్టరుగారు నా చేతిలో ఒక పొట్లం పెట్టి, మళ్ళీ చలి పుడితే మొదటిరోజు నాలుగు, రెండోరోజు నాలుగు, మూడోరోజు రెండు వెయ్యమన్నారు. అక్కడివాళ్ళకి ఈ జ్వరం అంతగా తెలియదు, మలేరియా అని నువ్వే చెప్పాలి, ఈ మందు పిల్లకే సుమా అని రెండుసార్లు చెప్పారు. తలూపాను. ఊపడానికేం, తల ఉంది కదా.

అక్కడ దిగిన మర్నాడు పొద్దున్నకి అందరం దగ్గుతున్నాం. ఎముకలు కొరికే చలి, కొత్త నీళ్ళు. ప్రాణాలతో ఇల్లు చేరతామా అని ముసలి గాసి ఏడుపు మొదలెట్టాడు. నా సంచిలో మందు ఉందని అందరికీ తెలుసు. డాక్టరుగారి మాట గుర్తులేక కాదు. ఏం చెయ్యమంటావని రాజకుమారినే అడిగాను.

“నాకొక్కదానికే ఏటి మావా? అందరికీ పంచు. ఒక్కదాన్నే మింగితే నాకు గొంతు దిగదు” అంది.

పది మాత్రలు, పదిమందిమి. మా దేవతే కుదిర్చిందనుకున్నాను. తలా ఒకటి ఇచ్చాను. చేదుకి మొహాలు చిట్లించి, ఒకరినొకరు చూసి నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అయిదో రోజు ఆట మధ్యలో రాజకుమారి చెయ్యి పక్కదాని నడుం మీంచి జారిపోయింది. పళ్ళు టకటకమంటున్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మమ్మల్ని వెంటబెట్టుకొచ్చిన ఆఫీసరు వరహాలుగారు అక్కడి డాక్టరుకీ నాకూ మధ్య మాట చేరవేశాడు. మలేరియా అనీ, మా డాక్టరు పది మాత్రలిచ్చారనీ చెప్పాను, చెప్పకపోలేదు. ఆ డాక్టరు ఒకటే అడిగాడట, మాత్రలన్నీ వేసుకుందా అని. కొండవాళ్ళకి బుద్ధి లేదని వరహాలుగారు దారి పొడుగునా విసుక్కుంటూనే ఉన్నాడు. పదిమందికీ పంచానంటే ఇంకేమంటాడో అని సిగ్గేసింది.

“పదీ అదే ఏసుకుందండి” అన్నాను.

అయితే ఇది మలేరియా కాదు, ఊపిరితిత్తుల జబ్బు అయ్యుంటుందని వాళ్ళు వేరే వైద్యం మొదలుపెట్టారు. రెండు రోజులు ఆ గది బయట బల్ల మీద కూర్చున్నాను. నిజం నోటిదాకా వచ్చేది, వరహాలుగారి మొహం చూసి మింగేసేవాణ్ణి. మూడో రోజున దాని రక్తంలో మలేరియా పురుగు కనబడిందన్నారు. అప్పటికే జ్వరం మెదడుకెక్కింది. ఆ మధ్యాహ్నమే రాజకుమారి పోయింది.

దాన్ని పెట్టెలో ఊరికి తెచ్చుకున్నాం. దినం నాడు మేకను కోసి, వాటాలు వెయ్యమని కత్తి నా చేతికిచ్చారు. నేను వాటా వెయ్యలేదు. మాత్రలు పంచిన సంగతీ, ఆడిన అబద్ధమూ అందరి ముందూ చెప్పేశాను. ఈశ్వరమ్మ లేచి నా దగ్గరకొచ్చింది.

“పంచినందుకు నిన్నేటీ అనను, అన్నా. అది పంచమన్నాది, నువ్వు పంచినావు. డాక్టరుకి సెప్పాల్సిన మాట మాత్రం నువ్వొక్కడివే మింగినావు.”

నా చేతిలో కత్తి తీసుకుని గాసికిచ్చింది. వాటాలు అతనే వేశాడు. నా వాటా మాత్రం ఎవరికీ తీసిపోకుండా ఈశ్వరమ్మే తెచ్చి నా ముందు పెట్టింది. గొంతు దిగలేదు.