దాచిన చిత్రాలు

"పైన కుడిచేతి పక్క మూడు చుక్కలుండాయి చూడమ్మా, ఒకదాని కింద ఒకటి. వాటిని నొక్కు."

ఈ మాట చెప్పడం ఆ పొద్దు ఎన్నోసారో గోపాలప్పకే తెలీదు. చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోను మెత్త చిరిగి, మెడ మీద నల్లటి పొడి రాలుతోంది. కె.ఆర్.పురం స్టేషనుకు దగ్గరలో, మందుల అంగడి పైన రెండు గదుల ఆఫీసు. తప్పిపోయినవాళ్ళ ఫోటోలు పెట్టి, జనం ఒకరికొకరు కబురు చెప్పుకునే ఆన్‌లైన్ ఫోరంను ఒక ట్రస్టు అక్కడినుంచి నడుపుతోంది. అందులోకి కొత్తగా వచ్చినవాళ్ళకు ఫోనులో దారి చూపించడం గోపాలప్ప పని.

మునుపు ఇదే వీధిలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లల వేళ్ళు పట్టుకుని మీటల మీద పెట్టించాడు. ఆ మిషన్లు పాత ఇనుము కింద పోయాక సైబర్ సెంటర్‌లో మౌసు పట్టడం నేర్పాడు. అదీ మూతపడ్డాక ఇక్కడికి వచ్చాడు. ఎవరు ఎక్కడ నొక్కాలో చెబుతూనే తల నెరిసింది. భార్య పోయాక, వెతుక్కోవలసినవాళ్ళు ఆయనకెవరూ లేరు. అందుకేనేమో, ఎంత ఏడుపు విన్నా మాట తడబడేది కాదు.

ఈ పొద్దు తడబడుతోంది.

అవతల ఆనేకల్ నుంచి కమలమ్మ. మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుడుతుంది. ఆమె భర్త మునిస్వామి ఒకప్పటి చేతిమగ్గం నేతగాడు, మతిమరుపు మనిషి. ఉగాది ముందు, మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే తన పాత నాడెను జేబులో వేసుకుని, టీ తాగొస్తానని పోయి తిరిగి రాలేదు. పక్కింటి స్పందన కమలమ్మను ఫోరంలో చేర్చి, మునిస్వామి ఫోటో పెట్టి, ఆ తర్వాత పెళ్ళయి వెళ్ళిపోయింది. పాస్‌వర్డు ఏమిటో ఆ పిల్లకే గుర్తులేదు. కమలమ్మ ఫోను ఒక్కటే దాన్ని గుర్తుపెట్టుకుంది.

నిన్న ఆ ఫోటో కింద, సర్జాపురలో ఒక ఆశ్రమం నుంచి గీతాంజలి అనే ఆమె రాసింది: "కమలమ్మగారికి విడిగా సందేశం పంపాను. వెంటనే చూడండి. ఆయన పరిస్థితి బాగాలేదు."

మోసగాళ్ళ భయంతో, అందరికీ కనబడేచోట చిరునామాలు రాయకూడదని ఫోరం కట్టడి. విడి సందేశాన్ని కమలమ్మ తప్ప ఎవరూ తెరవలేరు. గోపాలప్ప గీతాంజలికి రాస్తే జవాబు రాలేదు. కమలమ్మ ఫోనులో మాత్రం మొన్నటి పేజీయే కదలకుండా కూర్చుంది. ఫోటో, కింద ఖాళీ. మళ్ళీ మళ్ళీ తెరిపించాడు. ఫోను ఆపి పెట్టించాడు. అదే పేజీ.

ఫోను దాచుకున్న ఆ పాత పేజీని, కాష్ అనేదాన్ని, తుడిపించాలి. పక్క వరస నొక్కిందంటే లాగిన్ పోతుంది, సందేశమూ పోయినట్టే.

"ఏముండాదో చదువమ్మా. నిదానంగా."

కమలమ్మకు అక్షరాలు ఈమధ్యే వచ్చాయి, సాయంత్రం తరగతుల్లో. ఒక్కొక్కటే పట్టుకుని చదివింది. "కు... కీ... లు. ఇదేందప్పా, బేకరీనా?"

"దాన్ని ముట్టుకోవద్దు! ముందర టిక్కుంటే తీసెయ్యి."

"అరవొద్దప్పా, తీసినా. కింద... దా... చి... న. దాచిన చిత్రాలు, ఫైళ్ళు."

"అదే! దానికి టిక్కు పెట్టి, తొలగించు అని నొక్కు."

అవతలి మగ్గాల చప్పుడు మీదుగా మళ్ళీ పిలిచాడు.

"కమలమ్మా?"

"నొక్కను. నేను దాచింది ఒకటే చిత్రం, ఆయనది. దాన్ని తొలగించమంటావా?"

గోపాలప్ప ఎంతమందికో ఆ మాట చెప్పాడు. దాన్ని ఇట్లా చదివినవాళ్ళు ఎవరూ లేరు.

పక్క బల్ల నుంచి మేనేజరు హరీశ్ తల ఎత్తాడు. "గోపాలప్పగారూ, క్యూలో జనం వెయిటింగ్. కాష్ క్లియర్ చేయించడానికి పెళ్ళి మాటలంత టైమా? లాగౌట్ చేయించి రీసెట్ లింక్ పంపించండి."

"లింకు స్పందన మెయిలుకు పోతాది. ఆ పిల్ల దాన్ని తెరవడమే మానేసింది."

"ఛార్జి ఎర్రగా అయిందప్పా," అంది కమలమ్మ.

"నీ ఫోను సోమరిదమ్మా. ఈ పొద్దు పేపరు తెమ్మంటే, గడప దగ్గర పడున్న మొన్నటి పేపరే చేతికిస్తా ఉండాది. దాన్ని పారేస్తాము, అంతే. మీ ఆయన ఫోటో వేరే పెట్టెలో ఉంటాది."

"ఆ పెట్టె నువ్వు చూసినావా?"

చూడలేదు. గబగబా తన కంప్యూటర్లో ఆ ఫోటో పెద్దది చేశాడు. "చూడమ్మా, నా దగ్గర కూడా ఉండాడు. తలకు గళ్ళ తువ్వాల. ఎడమ చెవి మీద కొస వేలాడతా ఉండాది. నవ్వుతా ఉండాడు."

"నవ్వు కాదప్పా అది. ఎండకు మొగం అట్ల పెట్టినాడు. ఆయన యాడ నవ్వినాడు!" గొంతు కాస్త సడలింది. "నాది పోతే నీది ఇస్తావా?"

"అచ్చు తీసి, ఆనేకల్‌కు నేనే తెస్తా."

ఆమె తొలగించు అని నొక్కాక, పేజీని మళ్ళీ తెరిపించాడు.

"గంట బొమ్మ మీద ఎర్రగా ఒకటి వచ్చిందప్పా."

"తెరువు!"

ఆమె చదవసాగింది. చిరునామాను, నంబరును కూడబలుక్కుంటుంటే గోపాలప్ప మాట కలపకుండా కాగితం మీద రాసుకున్నాడు, తొందర పెడితే అక్షరాలు చెదిరిపోతాయని. "నీళ్ళు... తాగడం... లేదు. క... మ... లా... అంటున్నారు."

తన పేరు దగ్గర ఆగిపోయింది. తర్వాత, "పోతా ఉండా," అంది. లైను తెగింది.

ఆ నంబరుకు ఫోను చేశాడు. ఎవరో ఎత్తి, "ఉన్నారు. ఆవిడను త్వరగా రమ్మనండి," అన్నారు.

మధ్యాహ్నమంతా ఎవరెవరికో మూడు చుక్కలు చూపించాడు. ఒకాయన రెండుసార్లు తిట్టాడు. తెచ్చుకున్న చిత్రాన్నం తినబుద్ధి కాలేదు.

ఆఫీసు మూసేవేళకు మునిస్వామి ఫోటో కింద కమలమ్మ పేరుతో జవాబు కనబడింది. అంతవరకూ ఆమె అక్కడ ఒక్క అక్షరమూ రాయలేదు.

"వచ్చినాను. చూసినాడు. పోయినాడు."

హరీశ్ వెనక నిలబడి చదివాడు. మెల్లగా అడిగాడు, "కేస్ క్లోజ్డ్ అని పెట్టాలా సర్?"

"ఉండనీప్పా."

ఆ జవాబు కిందనే ఆమె పెట్టిన ఒక చిత్రం పైనుంచి కొంచెం కొంచెంగా తెరుచుకుంది. ఆశ్రమం గోడ, ఇనుప మంచం, మడిచిన దుప్పటి. దాని మీద, చేతి రాపిడికి నున్నగా అరిగిన మగ్గం నాడె, లోపలి కండెకు ఇంకా అయిపోని ఎర్రటి పట్టుపోగు.