మా నాన్న డైలాగు

పాత సినిమా మళ్ళీ వస్తోందని చిలకలూరిపేటంతా పోస్టర్లు వేశారు. ఇరవై రెండేళ్ళ నాటి సినిమా. హీరో బొమ్మ కింద చిన్న అక్షరాలతో 'పూర్తి నిడివితో' అని ఉంది. నేను చదివింది ఆ ఒక్క మాటే. పనిచేసే పత్తి జిన్నింగు మిల్లులో సెలవు పెట్టి మ్యాట్నీకి వెళ్ళాను.

ఆ సినిమాలో మా నాన్న ఉన్నాడు. పేరు అంకమ్మరావు. సీజనులో రోజూ బస్సెక్కి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళి బస్తాలు మోసేవాడు. షూటింగువాళ్ళు యార్డుకు వచ్చినప్పుడు ఆయన్ను ఒక షాటులో నిలబెట్టారు. హీరో లారీ దిగే ముందు నాన్న భుజం మీది బస్తా దించి, వెనక్కి తిరిగి, "భయపడకండ్రా, మనోడు వచ్చాడు" అంటాడని నాన్నే చెప్పాడు. అంతే, ఆ వెంటనే హీరో.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఇదే థియేటర్లో ఏడుసార్లు చూశాను. సినిమా మొత్తం కంఠతా వచ్చు, తెర మీద నాన్న మాట మాత్రం ఒక్కసారీ వినపడలేదు. తెర మీద నాన్న కనపడగానే నా పక్కన కూర్చున్న నాన్న ఈల వేసేవాడు. దాంతో మా వీధి వీధంతా లేచి గోల. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

ఆ తరువాత రెండేళ్ళకే నాన్న పోయాడు. ఇంట్లో ఒక ఫొటో ఉంది. గొంతు ఎక్కడుంది? ఏళ్ళు గడిచేకొద్దీ అది నా చెవిలోంచి జారిపోతోంది. టీవీలో వేసినప్పుడల్లా ఆ షాటు కత్తిరించే వేశారు. ఫోన్లో దొరికే సినిమాలోనూ లేదు. అందుకే ఈ మ్యాట్నీ.

హాలు నిండా కుర్రాళ్ళు. సినిమా వచ్చేనాటికి సగం మంది పుట్టి ఉండరు. టైటిల్స్ నుంచే పూనకాలు. హీరో నోరు తెరవకముందే డైలాగులు వీళ్ళే చెప్పేస్తున్నారు. మొదట పది నిమిషాలు వాళ్ళతో పాటు నేనూ చెప్పాను, నవ్వుకున్నాను కూడా. ఇంతలో యార్డు వచ్చింది. నాన్న బస్తా దించాడు. పెదవులు కదిలాయి. సరిగ్గా అప్పుడే నా నెత్తి మీద గోనెసంచెడు కాగితం ముక్కలు కుమ్మరించి, చెవి పక్కనే ఒకడు ఈల వేశాడు. కాగితాలు దులుపుకొని చూసేసరికి తెర మీద హీరో.

నాకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా వెళ్ళి తెర ముందు నిలబడ్డాను. హీరో మొహం నా చీర మీద పడుతోంది.

"ఓ అక్కా, అడ్డం లే," అన్నాడు అభిమాన సంఘం నాయకుడు కోటేష్.

"లేవను. ఏరా, సినిమా చూడటానికి వచ్చారా, కాగితాలు చింపటానికి వచ్చారా? ఇందాక బస్తా దించినాయన మా నాన్న. ఆయన గొంతు వినక ఇరవయ్యేళ్ళయింది. ఆ ఒక్క ముక్క విందామని వస్తే నా చెవిలో ఈలేస్తారా సచ్చినోళ్ళారా!"

కోటేష్ తల గోక్కున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా అక్కా," అని, క్యాబిన్ వైపు తిరిగి "వన్స్ మోర్" అని కేకేశాడు. ఈ హాల్లో పాటలకు వన్స్ మోర్ అడగటం మామూలే. హమాలీ మాటకు అడగటం ఇదే మొదలు.

షాటు వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఒక్కడూ దగ్గలేదు. నాన్న బస్తా దించాడు, వెనక్కి తిరిగాడు.

"భయపడకండ్రా, మనోడు వచ్చాడు."

వార్తలు చదివేవాడి గొంతులా నున్నగా ఉంది. మా నాన్నది బొంగురు గొంతు. మిరప ఘాటుకు రెండు మాటలకోసారి గొంతు సవరించుకోనిదే మూడో మాట వచ్చేది కాదు. ఇది ఆయన గొంతు కాదు. ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని ఎవడో చెప్పిన మాట. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

పైకెక్కి క్యాబిన్ తలుపు నెట్టాను. ఆపరేటరు మాబు అప్పుడూ ఇక్కడే, ఇప్పుడూ ఇక్కడే. నాన్నకు స్నేహితుడు.

"బాబాయ్, అది మా నాన్న గొంతు కాదు."

"తెలుసు జయమ్మా," అన్నాడు. "మొదటి రోజు మార్నింగ్ షోకి మీ నాన్న ఒక్కడే వచ్చాడు. అయిపోయాక ఇక్కడికొచ్చి, 'మాబూ, నా గొంతు తీసేశారేంట్రా' అన్నాడు. దాన్ని డబ్బింగంటారు, చిన్న వేషాలవాళ్ళకు అంతేలే అన్నాను. తరవాత, 'మ్యాట్నీకి పిల్లొస్తోంది, వీధంతా వస్తోంది. ఎవరికీ చెప్పమాక' అన్నాడు."

ఏడు ఆటల్లోనూ మొదటి ఈల నాన్నదే. సంబరమనుకున్నాను.

"ఇరవై రెండేళ్ళు నీకు నోరు లేదా బాబాయ్?"

"మాటిచ్చానమ్మా."

ఆయన మీద అరిచి ఏం లాభం? బస్తా మోసే ఒళ్ళు కావాల్సొచ్చింది వాళ్ళకు, ఆ ఒంట్లోని గొంతు పనికిరాలేదు. ఒక మాట చెప్పి తీసేయాలన్న జ్ఞానం కూడా లేకపోయింది. పళ్ళు కొరుక్కుంటూ మెట్లు దిగాను.

అప్పటికి ఇంటర్వెల్ ఇచ్చారు. కోటేష్ ఎదురొచ్చాడు.

"అక్కా, ఫస్ట్ షో వాళ్ళకీ చెప్పేశా. మీ నాన్న డైలాగప్పుడు ఒక్కడూ కిక్కురుమనడు."

"నోరు మూసుకున్నారంటే వీపు చీరేస్తా. ఆ షాటులో ఒక్క ముక్క వినపడకూడదు. గోల చెయ్యండి."

"అదేంటక్కా, ఇందాకేగా..."

"ఇందాకటిది ఇందాకే. చెప్పింది చెయ్యి."

ఫస్ట్ షోకి నేనూ కూర్చున్నాను. యార్డు వచ్చింది. నాన్న బస్తా దించి వెనక్కి తిరిగాడు. ఆయన పెదవులు కదలకముందే రెండు వేళ్ళు నోట్లో పెట్టుకున్నాను.