హాజీ పస్తులు

నవంబరు వచ్చింది, అల్జీరియాలోని సెతీఫ్‌లో చలి ముదిరింది, హాజీ మాత్రం నిద్రపోనంటే పోనని కూర్చున్నాడు.

హాజీ అంటే తాబేలు. హజ్ చేసొచ్చిన పెద్దమనిషిలా నిదానంగా సాగే దాని నడక చూసి ఆ పేరు పెట్టింది ఆ ఇంటి కొడుకు మెజియాన్. కొండల్లో దొరికితే చొక్కాలో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. మరుసటి ఏడే ముసుగులేసుకున్న మనుషులొచ్చి మెజియాన్‌ని తీసుకుపోయారు. ముప్పై ఏళ్లయింది. శవం లేదు, సమాధి లేదు, కబురూ లేదు. ఏటా వసంతంలో హాజీ మట్టిలోంచి తల బయటపెట్టగానే తల్లి వర్దియా మొహం వెలిగిపోయేది. "చూశావటే, పోయాడనుకున్నవాడు మళ్లీ లేచాడు!" అనేది. పెద్దకూతురు జులీఖా "అవును యెమ్మా, తమ్ముడూ వస్తాడు" అనేది. అలా అనడం ఆమెకు అలవాటైపోయింది. ఆ తాబేలు ఒక్క ఏడాది లేవకపోతే తల్లి ఏమైపోతుందోనని ఆమె భయం.

పాత ఇంటి పెరట్లో హాజీ తన సంగతి తనే చూసుకునేవాడు. చలి తగలగానే తిండి మానేసి, గొయ్యి తవ్వుకుని దూరి వసంతం దాకా నిద్రపోయేవాడు. నిరుడు ఆ ఇల్లు కూల్చేశారు. ఇప్పుడుండేది నాలుగో అంతస్తులో. మట్టి లేదు సరికదా, వంటింట్లో పొద్దస్తమానం హీటరు. ఇంకా ఎండాకాలమే అనుకుని పాపం, గిన్నె చుట్టూ తిరుగుతున్నాడు.

కింది అంతస్తు తాహర్ బాబాయ్ పశువుల డాక్టరు దగ్గర పాతికేళ్లు పనిచేసినవాడు. ఆయనే దారి చెప్పాడు.

"మూడు వారాలు ఏమీ పెట్టొద్దమ్మా. రోజూ గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెట్టు, కడుపు ఖాళీ అవుతుంది. ఆ తర్వాత మట్టి నింపిన పెట్టెలో పెట్టి బాల్కనీ గదిలో ఉంచు. తిండి కడుపులో ఉండగా పడుకుందా, చలికి అరగదు. లోపలే కుళ్లి చంపేస్తుంది."

వర్దియా మూతి తిప్పింది. "గొర్రెలకి సూదులు పొడిచిన మనిషి, ఈయనకేం తెలుసు? హాజీ అని పేరుంటే రంజాను ఉపవాసాలు కూడా చేయించాలా?"

"యెమ్మా, దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారి నా మాట విను."

"సర్లే తల్లీ, నీ ఇష్టం. నువ్వు చదువుకున్నదానివి."

జులీఖా లెక్క తప్పకుండా చేసింది. బడి ఆఫీసు నుంచి రాగానే నీళ్లలో కూర్చోబెట్టేది, వంటింటి తక్కెడలో తూచేది. బరువు ఇసుమంత కూడా తగ్గలేదు. "గట్టి ప్రాణం!" అని మురిసిపోయింది, పిచ్చిది. డిసెంబరులో మట్టిపెట్టెలో పెట్టి, పైన ఎండుటాకులు కప్పి, బాల్కనీ గది తలుపు వేసింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆ గదిలోంచి వాసన వచ్చింది.

తాహర్ బాబాయ్ వచ్చి హాజీని పైకి తీశాడు. మెడ వేలాడిపోయింది. నోటి మూల నల్లగా ఏదో కారి ఎండిపోయి ఉంది. ఆయన ముక్కు మూసుకోలేదు, గౌరవంగా మట్టిమీద పెట్టి లేచాడు. "కడుపు నిండా తిండేనమ్మా. ఎవరో పెట్టారు" అన్నాడు. ఇంకేమీ అడగకుండా మెట్లు దిగిపోయాడు.

జులీఖా వంటింట్లోకి వచ్చింది. వర్దియా హీటరు పక్కన చాపమీద కూర్చుని ఉంది. తలెత్తలేదు.

"పెట్టావా యెమ్మా?"

"పెట్టాను. నువ్వు ఆఫీసుకెళ్లగానే రోజూ పెట్టాను. ఆకులూ, ఖర్జూరాలూ, పాలలో నానేసిన రొట్టే. ఆఖరి రోజు పొద్దున కూడా పెట్టాను."

"ఎందుకు పెట్టావు? చస్తుందని ఆయన నీ ఎదురుగానే చెప్పాడు కదా!"

"ఎందుకంటావా?" ముసలామె తలెత్తింది. "వాళ్లు మెజియాన్‌ని తీసుకుపోయిన రోజు పెనం మీద రొట్టె కాలుతోంది. బిడ్డ ఒక ముక్క తిని వస్తాడయ్యా అని వాళ్ల కాళ్లు పట్టుకున్నాను. అయిదు నిమిషాల్లో వచ్చి తింటాడులే అమ్మా అన్నారు. ఖాళీ కడుపుతో పంపానే వాణ్ని! మళ్లీ ఇంకొకణ్ని అలా పంపమంటావా, నా చేతులతో?"

జులీఖాకు వచ్చిన కోపమంతా ఎక్కడిదక్కడే ఆగిపోయింది. వెళ్లి తల్లి పక్కన కూలబడింది.

"అయితే నా తిండే చంపిందన్నమాట" అంది వర్దియా.

"కాదు యెమ్మా. ఈ ఏడు చలి ఎక్కువ. ముసలిదైపోయింది కదా, తట్టుకోలేకపోయింది."

"అబద్ధం చెప్పకే." తల్లి ఆమె గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. "నాకు బాధ కలగకూడదని చెప్తున్నావు. మెజియాన్ గురించి కూడా ఇలాగే చెప్తూ వచ్చావు కదూ, ఇన్నేళ్లూ?"

జులీఖా నోరు తెరిచింది. ఎన్నోసార్లు చెప్పిన మాటే, ఈసారి నాలుక మీదికి రాలేదు. కళ్లు దించేసుకుంది.

వర్దియాకు అర్థమైంది. మొదట ముందుకీ వెనక్కీ ఊగింది. తర్వాత రెండు చేతులతో చెంపలు వాయించుకుంటూ, ముప్పై ఏళ్లుగా లోపలే అణచుకున్న ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపు మెట్లవెంట కిందికి పోయింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి యమీనా తలమీద గుడ్డ సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చింది, వెనకాలే మరో నలుగురు ఆడవాళ్లు.

"అయ్యో, ఏమైంది? ఎవరు పోయారే?"

జులీఖా తల్లిని ఒడిలోకి లాక్కుంది.

"మా తమ్ముడు" అంది. "మా మెజియాన్ పోయాడు."